అప్‌డేట్: ఇంగ్లిష్ మెయిల్స్‌లో గ్రామర్ తప్పులు, చివరికి తేలింది ఇదీ

పోయిన నెల అడిగాను కదా, నేను రాసే ప్రతి ఆఫీసు మెయిల్‌నీ మా లీడ్ దిద్ది వెనక్కి పంపుతున్నారు, గ్రామర్ పుస్తకం మొదటి నుంచి చదవాలా అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఒకే సలహా: పాత మెయిల్స్ తీసి, దిద్దిన వాక్యాలు మాత్రమే ఒకచోట రాసుకోమన్నది. 40 మెయిల్స్ చూస్తే తిప్పి తిప్పి మూడే తప్పులు! ఒకటి, 'డిస్కస్ అబౌట్'. మనం 'దాని గురించి చర్చించాం' అంటాం కాబట్టి ఆ 'గురించి' అక్కడా దూరిపోతోంది, డిస్కస్ పక్కన అబౌట్ అక్కర్లేదు. రెండోది, 'ఐ హ్యావ్ సెంట్ ఇట్ యెస్టర్‌డే'. నిన్న, పోయిన వారం అని ఎప్పుడో చెప్పేస్తే హ్యావ్ రాకూడదట, 'ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే' చాలు. తెలుగులో రెండింటికీ 'పంపాను' ఒక్కటే, అందుకే నాకు తేడా తెలియలేదు.

మూడోది 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్'. ఇది మాత్రం చాలా ఇబ్బంది పెట్టింది. 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనాలి. ఎంతకాలంగా అన్నదానికి ఫర్, ఎప్పటినుంచి అన్నదానికి సిన్స్, ఉదాహరణకి సిన్స్ 2022.

టెన్స్‌ల చార్ట్ బట్టీ పట్టడం, కొత్త పదాల యాప్, రెండూ నాకు అక్కరకు రాలేదు. నా సమస్య పదాలు కాదు. పంపేముందు ఈ మూడూ వెతుక్కుంటున్నా, రెండు వారాలుగా ఒక్కటే మెయిల్ వెనక్కి వచ్చింది, అదీ అటాచ్‌మెంట్ మర్చిపోయినందుకు.