లంకలో రివాల్వర్ ఫైట్: చిన్న బడ్జెట్‌లో కాల్పులు ఎలా తీయాలి?

వశిష్ట_రేవు అడిగారు:

అందరికీ నమస్కారమండి. 40 నిమిషాల సినిమా తీస్తున్నాం. కథంతా ఇద్దరిదే: రెండు చేతులా రివాల్వర్లు పేల్చే గజదొంగ, రిటైర్మెంటు దగ్గరపడి అలిసిపోయిన ఎస్సై. ఆఖరి ఫైటు కోనసీమలో పి.గన్నవరం దగ్గర లంకలో (గోదావరి మధ్య దిబ్బ), కొబ్బరితోటలో మొదలై ఇసుక తిన్నెల మీదకొస్తుంది. ఫైటుకి లక్షన్నర ఉంది, కెమెరా ఒక్కటే. తుపాకుల్లో బ్లాంకులు (గుండు లేకుండా మందు మాత్రమే ఉన్న తూటాలు) వాడాలా, గ్రాఫిక్స్‌లో మంట పెట్టుకోవాలా? తూటా తగిలితే రక్తం రావడం, ఇసుక లేవడం ఎలా? లంకలో ఏ నెల అనుకూలం? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఆరుతూటాలు:

బ్లాంకుల ఆలోచన పూర్తిగా మానేయండి. బ్లాంకు పేలాలంటే సాధారణంగా అసలు తుపాకీ కావాలి, దానికి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. అదొక్కటే కాదు. బ్లాంకులో గుండు లేకపోయినా గొట్టం నుంచి వచ్చే గ్యాసు మనిషిని చంపుతుంది. 1984లో అమెరికా నటుడు జాన్-ఎరిక్ హెక్సమ్ బ్లాంకు ఉన్న రివాల్వర్‌ని కణతకి ఆనించి నొక్కి చనిపోయాడు. 1993లో నటుడు బ్రాండన్ లీ షూటింగులో చనిపోయింది, గొట్టంలో ఇరుక్కున్న డమ్మీ తూటా ముక్కని వెనకనుంచి బ్లాంకు తోయడం వల్ల. పెద్ద యూనిట్లలోనే అలా జరిగితే లంకలో మన గతేంటి?

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ప్రాపర్టీ వాళ్ల దగ్గర (సినిమా సామాన్లు అద్దెకిచ్చేవాళ్లు) డమ్మీ తుపాకులు అద్దెకి దొరుకుతాయి. క్లోజప్పులకి లోహంది ఒకటి, పరుగులకీ పడిపోవడాలకీ రబ్బరువి తీసుకోండి. లోహపు డమ్మీతో కిందపడితే పక్కటెముకలు పోతాయి.

అసలు పని నటుడి మణికట్టులో ఉంది. కొత్తవాళ్లు కాల్చేటప్పుడు తుపాకీని ముందుకి పొడుస్తారు. అది తప్పు. గొట్టం రెండు మూడు అంగుళాలు పైకి లేచి వెనక్కి రావాలి, భుజం కొంచెం అదరాలి. చప్పుడుకి ముందే కళ్లు మూసుకునే అలవాటుంటే ఆ టేకు పనికిరాదు.

మంట గ్రాఫిక్స్‌లో పెట్టండి, సెకనుకి వచ్చే 24 ఫ్రేముల్లో ఒక్క ఫ్రేమే. తర్వాతి ఫ్రేము నుంచి పొగ మాత్రమే ఉండాలి. మూడు నాలుగు ఫ్రేములు మంట ఉంచితే టపాకాయలా కనిపిస్తుంది. పట్టపగలు మంట దాదాపు కనబడదు కాబట్టి పొగ, ఇసుక మీదే ఆధారపడండి. సాయంత్రం సీన్లలో ముఖం మీద వెలుగు కోసం ఎల్ఈడీ లైటు కొడితే, అది మరీ క్షణకాలం వెలిగితే మిర్రర్‌లెస్ కెమెరాలో సగం ఫ్రేమే తెల్లబడి అడ్డచారలా వస్తుంది. రెండు ఫ్రేములైనా వెలగనిచ్చి, ఎక్కువైంది ఎడిటింగులో తీసేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 పెట్టండి, బల్బులు మినుకుమనవు.

ఇంకోటి. రివాల్వర్ కాల్చినప్పుడు ఖాళీ తొడుగులు బయటికి ఎగరవు, చక్రంలోనే ఉంటాయి. అవి గలగలా రాలే శబ్దం వేశారంటే తెలిసినవాళ్లు అక్కడే పట్టేస్తారు. ఎస్సైకి 9 ఎంఎం పిస్టల్ ఇస్తే దానిలో మ్యాగజైనుకి 13 తూటాలు, తొడుగులు కుడిపక్కకి పడతాయి. దొంగకి రెండు రివాల్వర్లకి కలిపి 12. స్క్రిప్టు మార్జిన్లో ప్రతి కాల్పుకీ నంబరు వేసుకోండి. అలిసిపోయిన పోలీసు గెలవాల్సింది అవతలి తూటాలు లెక్కపెట్టుకునే. వయసు మీదపడినవాడికి పరుగు కంటే ఓపికే ఆయుధమని నా నమ్మకం, ఫైటు మొత్తం దాని మీదే కట్టండి.

ముల్తానీమట్టి:

రక్తానికి: బేకరీ సామాన్లమ్మే కొట్లో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ అరకేజీ, నీళ్లు 100 మి.లీ., ఎరుపు ఫుడ్ కలర్ రెండు చెంచాలు, కోకో పొడి ఒక చెంచా, నీలం రంగు ఒక్క చుక్క. కోకో లేకపోతే గులాబీ షర్బత్‌లా కనిపిస్తుంది. ఖాకీ మీద రక్తం నల్లగా పడుతుంది కాబట్టి ఎస్సై చొక్కాకి కోకో సగం తగ్గించండి. తీపి కదా, తోటలో పది నిమిషాల్లో చీమలు పట్టేస్తాయి. సీసా మూత వదలకండి, టేకు అయిన వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి.

బాంబుల స్క్విబ్‌లు (చొక్కా కింద పెట్టి పేల్చే చిన్న మందుపొట్లాలు) వద్దు. రెండు లీటర్ల హ్యాండ్ స్ప్రేయర్ కొత్తది కొనండి, పురుగుమందు కొట్టింది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. దానికి 8 మి.మీ. గొట్టం తగిలించి ప్యాంటు కాలులోంచి పైకి చొక్కా కింద దాకా లాగండి. తూటా తగలాల్సిన చోట బట్టని లోపలినుంచి ఉప్పుకాగితంతో గీకి పలచన చేసి, బ్లేడుతో చిన్న ప్లస్ గుర్తు కోసి ఉంచండి. ఒకే రకం చొక్కాలు మూడు కుట్టించుకోండి.

ఇసుక లేవడానికి: టైర్ల షాపు కంప్రెసర్, 40 పీఎస్ఐ చాలు. గొట్టం ఇసుకలో పాతి, చివర చిన్న గరాటు పెట్టి, అందులో జల్లించిన ముల్తానీ మట్టి నింపి, బాల్ వాల్వ్ ఒక్కసారిగా తెరవండి. లంక ఇసుక పైపొర కిందనే తడిగా ఉంటుంది, అది లేవదు, ముద్దగా పడుతుంది. అందుకే పొడి మట్టి విడిగా నింపాలి. బోరుకి వాడే పీవీసీ పైపులో గాలి నింపకండి, పగిలితే గాజు పెంకుల్లా చిమ్ముతుంది. మనిషి ఆరడుగుల దూరంలో ఉండాలి, వాల్వ్ తిప్పేవాళ్లకి కళ్లద్దాలు తప్పనిసరి.

నిజం మంటలు అసలే వద్దు. కోనసీమంతా గ్యాస్ పైపులైన్లే. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో పైపులైను పేలి ఊరే కాలింది. పొలం గట్టున పైపులైను గుర్తు రాళ్లు కనిపిస్తే అక్కడ అగ్గిపుల్ల కూడా గీయకూడదు.

పోటూపాటూ:

నెల సంగతి నేను చెప్తానండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది, సంక్రాంతి వారం వదిలేసి. ఆ వారం మనుషులూ దొరకరు, మైకుల హోరులో ఏదీ వినబడదు. జులై నుంచి సెప్టెంబరు దాకా లంక వైపే చూడకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగిందంటే సామానుతో సహా అవతలే ఉండిపోతారు, నావే దిక్కు.

తోటలో తీసేముందు రైతుని ఒక్కటే అడగండి: దింపు (కాయల కోత) ఎప్పుడు తీశారని. ముదురు కాయలున్న చెట్ల కింద నటుల్ని నిలబెట్టకూడదు. దింపయిన మర్నాటి నుంచి షెడ్యూలు పెట్టుకుంటే నిశ్చింత. మధ్యాహ్నం ఆకుల సందుల్లోంచి ఎండ ముఖాల మీద మచ్చమచ్చలుగా పడుతుంది. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం మూడున్నర తర్వాత తీయండి. తప్పనిసరైతే పన్నెండడుగుల తెల్ల గాడా గుడ్డ నాలుగు కొబ్బరి మొదళ్లకి కట్టి కింద తీయండి.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రతీరానికి వెళ్తే పోటుకీ పాటుకీ నీటి అంచు మారిపోతుంది, ఆరు గంటలు తేడా వస్తే కంటిన్యుటీ పోతుంది. నీటి పక్క షాట్లన్నీ ఒకే పాటులో ముగించండి. ట్రైపాడు కాళ్ల కింద ప్లైవుడ్ ముక్క పెట్టండి, లెన్సు మార్చడం ఇసుకలో కాదు, నావలో సంచి లోపల.

వశిష్ట_రేవు:

చాలా సంతోషమండి, బ్లాంకులు వదిలేశాం. శబ్దం, యూనిఫాం గురించి కూడా చెప్తారా?

ఆరుతూటాలు:

యూనిఫాం తేలిక: ఎస్సైకి భుజం మీద రెండు నక్షత్రాలు, ఎరుపు నీలం రిబ్బను. మూడు పెడితే సీఐ అయిపోతాడు. కెమెరా ఆగగానే పైన మామూలు చొక్కా వేసుకోమనండి. తేదీ, స్థలం, డమ్మీల సంఖ్య రాసి స్టేషన్లో ఉత్తరం ఇచ్చి, ముద్ర వేసిన కాపీ సెట్లో ఉంచుకోండి.

శబ్దానికి లెక్కుంది. ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. నదికి అవతల 170 మీటర్ల దూరంలో తుపాకీ పేలితే పొగ ముందు కనబడాలి, చప్పుడు 12 ఫ్రేముల తర్వాత రావాలి. తోటలో చప్పుడు పొడిగా, పొట్టిగా ఉండాలి. తిన్నెల మీద అయితే అవతలి గట్టు నుంచి ప్రతిధ్వని రావాలి: గట్టు 340 మీటర్లుంటే సరిగ్గా రెండు సెకన్లకి. ఆ రెండు సెకన్లలో ఇంకో తూటా పేల్చకండి, ఎస్సై ఆయాసం మాత్రం వినిపించండి.