బడి ముందు స్పీడ్ బ్రేకర్ కోసం ఎవరిని అడగాలి? అందరూ మాది కాదంటున్నారు

రాజాం కుర్రోడు:
పొద్దున్నుంచీ ఇదే పని మీద ఉన్నాను, తల పగిలిపోతోంది. మా ఊరి హైస్కూలు గేటు సరిగ్గా మలుపులో ఉంది. గేటు దాటితే రోడ్డే. లారీలు ఆ మలుపులో కూడా స్పీడు తగ్గించవు. పోయిన వారం ఆరో తరగతి పాప సైకిల్‌ని బైకు గుద్దేసింది, చెయ్యి విరిగింది. పంచాయతీలో అడిగితే హైవే వాళ్లని అడగమన్నారు. 1033కి ఫోన్ చేస్తే ఆ రోడ్డు తమది కాదన్నారు. ఆన్‌లైన్‌లో అర్జీ పెడితే 'మా పరిధి కాదు' అని మూసేశారు. ఎవరిని అడగాలో ఒక్క మాట చెప్పండి చాలు.

నాగావళి గట్టు:
రోడ్డు ఎవరిది?

రాజాం కుర్రోడు:
హైవే అని రాశాను కదా.

నాగావళి గట్టు:
ఏ హైవే? కిలోమీటరు రాయి రంగు చూడు.

పెన్షనర్ మాస్టారు:
బాబూ, అసలు జబ్బు ఇక్కడ ఉంది. 1992లో 73వ రాజ్యాంగ సవరణ చేసి 11వ షెడ్యూలులో 29 అంశాలు పంచాయతీలకు అన్నారు. అందులో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. కాగితం మీద అంతా ఉంది. కానీ ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు మీద సర్పంచికి తట్టెడు మట్టి వేసే అధికారం లేదు. ప్రమాదం జరిగితే మాత్రం జనం సర్పంచి ఇంటికే వస్తారు. అధికారం ఒకచోట, నిలదీత ఇంకోచోట. దీని గురించి నేను ఇరవై ఏళ్లుగా గ్రామసభల్లో మాట్లాడుతున్నాను.

రాజాం కుర్రోడు:
మాస్టారూ, నిజమే. కానీ నాకు సోమవారం లోపల కాగితం ఎవరి పేరున రాయాలో తెలియాలి.

గజపతినగరం అక్క:
తమ్ముడూ, రాయి సంగతి నేను చెప్తాను. రాయి తలకి పసుపు ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, అది ఆర్ అండ్ బీ వాళ్లది, అంటే రోడ్లు భవనాల శాఖది. నలుపు గానీ నీలం గానీ ఉంటే జిల్లా రోడ్డు. నారింజ రంగు పల్లె రోడ్డుది. జనం అన్నిటినీ హైవే అనేస్తారు. 1033 జాతీయ రహదారులకే, అందుకే కాదన్నారు.

గరివిడి మేస్త్రి:
స్పీడ్ బ్రేకర్ అని అడగొద్దు, రంబుల్ స్ట్రిప్స్ అని అడగండి. స్పీడ్ బ్రేకర్ అనేసరికి ఎవరూ ఒప్పుకోరు.

గజపతినగరం అక్క:
మేస్త్రి గారూ, రెండూ ఒకటి కాదు. రంబుల్ స్ట్రిప్స్ చప్పుడు చేసి హెచ్చరిస్తాయి, స్పీడు తగ్గించాలో లేదో డ్రైవర్ ఇష్టం. బడి గేటు ముందు బండి నెమ్మదించి తీరాలి. స్పీడ్ బ్రేకర్లు వేయకూడదన్నది జాతీయ రహదారుల మాట. 2016లో ఉన్నవి కూడా తీసేయమని కేంద్రం చెప్పింది.

గరివిడి మేస్త్రి:
సరే, నేను ఎన్ని వేశానో నాకు తెలుసు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. 25 కిలోమీటర్ల స్పీడులో దాటితే నడుం కదలదు. 40 మీటర్ల ముందు బోర్డు పెట్టాలి, నలుపు తెలుపు పట్టీలు వేయాలి. మన ఊళ్లలో వేసేవి జానెడు వెడల్పు గట్లు. రాత్రిపూట కనబడవు, స్కూటర్ వెనక కూర్చున్న ఆడవాళ్లు ఎగిరి పడుతున్నారు. మీ ఊళ్లో ఎవరైనా సొంతంగా వేశారా?

రాజాం కుర్రోడు:
వేశాం. రెండు నెలల కిందట కుర్రాళ్లం చందాలేసుకుని కంకర, సిమెంటు పోశాం. వారానికే ఎవరో వచ్చి తవ్వేశారు. ఆ గుంట అలాగే ఉంది. పాప పడింది అక్కడే.

నాగావళి గట్టు:
ఇది మొదటే రాయాలి. ముందు గుంట పూడ్చమని అడుగు.

పెన్షనర్ మాస్టారు:
గుంట ఫొటో తీసి అర్జీకి జత చెయ్యి బాబూ. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోయినా అంగవైకల్యం కలిగినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. అంతవరకూ రాకూడదనే నా కోరిక.

ఆముదాలవలస ప్యాసింజర్:
బస్సు ఎక్కడ ఆగుతోంది? మా ఊళ్లో అదే పెద్ద సమస్య. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగులో కాలు పెట్టడానికి చోటుండదు. షెల్టర్ దగ్గర జనాన్ని చూసి డ్రైవర్ వంద గజాలు ముందుకి పోయి ఆపుతున్నాడు.

గజపతినగరం అక్క:
ఆడవాళ్లు ఎక్కడం తప్పా? బస్సులు పెంచమని అడగండి. మా పక్కింటి అమ్మాయి ఈ పథకం వల్లే రోజూ కాలేజీకి వెళ్తోంది.

ఆముదాలవలస ప్యాసింజర్:
తప్పని అనలేదక్కా. బస్సులు చాలడం లేదన్నాను.

రాజాం కుర్రోడు:
మా దగ్గరా అంతే. షెల్టర్ ముందు ఆటోలు నిలబెడతారు, బస్సు మలుపు దాటి ఆగుతుంది. పిల్లలు బ్యాగులు పట్టుకుని రోడ్డుకి అడ్డంగా పరుగెత్తుతారు.

గజపతినగరం అక్క:
అది వేరే కాగితం. బస్సు పక్కన డిపో పేరు ఉంటుంది, ఆ డిపో మేనేజరుకి రాయాలి. ఆటోల సంగతి పంచాయతీ, పోలీసు స్టేషన్ రెండింటికీ ఇవ్వు. రెండు సమస్యలూ ఒకే అర్జీలో పెట్టకు, ఒకటి కదిలితే రెండోది మూలపడుతుంది. రాయి చూశావా?

రాజాం కుర్రోడు:
ఇప్పుడే వెళ్లి చూశాను. సినిమా పోస్టర్ అతికించి ఉంది, గోకితే కింద ఆకుపచ్చ కనబడింది. చిలకపాలెం నుంచి రామభద్రపురం పోయే రోడ్డు ఇది.

నాగావళి గట్టు:
ఆర్ అండ్ బీ. ఆన్‌లైన్‌లో ఏ జిల్లా పెట్టావు?

రాజాం కుర్రోడు:
శ్రీకాకుళం. ఆధార్‌లో అదే ఉంది.

నాగావళి గట్టు:
రాజాం 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లా.

గజపతినగరం అక్క:
అయ్యో తమ్ముడూ, ఒక్క జిల్లా పేరు దగ్గర రోజంతా పోయింది నీకు. అర్జీ ఆర్ అండ్ బీ ఇంజినీరు పేరున రాయి, కాపీ కలెక్టరుకి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. హెడ్మాస్టరు సంతకం, పంచాయతీ తీర్మానం జత చెయ్యి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో చేతికిచ్చి రసీదు తీసుకో.

పెన్షనర్ మాస్టారు:
తీర్మానం అంటున్నారు కాబట్టి చెప్తున్నాను, గ్రామసభ వేరు, పంచాయతీ సమావేశం వేరు. ఊరంతా కూర్చుని చేసేదే గ్రామసభ తీర్మానం. దాని బరువు వేరు.

గరివిడి మేస్త్రి:
మాస్టారూ, గ్రామసభ పెట్టేదాకా పిల్లలు ఆగుతారా? ఉన్న సభ్యుల సంతకాలతో ఇచ్చేయమనండి.

పెన్షనర్ మాస్టారు:
ఆగమనలేదు. రెండూ చేయమన్నాను.

రాజాం కుర్రోడు:
విజయనగరం పెట్టి మళ్లీ వేశాను, నంబరు వచ్చింది. గుంటలో ప్రస్తుతానికి మట్టి పోయించాం. అందరికీ థాంక్స్. బస్టాపు మార్పించిన వాళ్లు ఎవరైనా ఉంటే ఎన్నాళ్లు పట్టిందో చెప్పండి.