తుంగభద్రకు నీటికుక్కలు తిరిగి రావాలంటే ఆపాల్సింది మోటారు బోట్లనా, మురుగునా?

హంద్రీగట్టు:
కర్నూలు దగ్గర తుంగభద్రలో టూరిజం బోట్లు తిప్పాలన్న మాట వచ్చిన ప్రతిసారీ మనం రెండు వర్గాలవుతున్నాం. అందుకే సూటిగా అడుగుతున్నా: సుంకేసుల ఆనకట్ట దిగువ నుంచి హంద్రీ నది కలిసే చోటు దాకా మోటారు బోట్లు వద్దని మనం పట్టుబట్టాలా? లండన్‌లో థేమ్స్ నది చచ్చిపోయిందని 1957లో అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లే తేల్చారు. ఇప్పుడు ఆ నది సముద్రంలో కలిసే వైపు సీళ్లు పిల్లల్ని పెడుతున్నాయి. మనకు ఎగువన కర్ణాటకలో ముద్లాపూర్ నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల తుంగభద్రను 2015లో నీటికుక్కల కోసం సంరక్షణ ప్రాంతం చేశారు. నది ఒక్కటే కదా, ఇక్కడికెందుకు రాకూడదు?

రేవుబోటు:
థేమ్స్‌లో బోట్లు ఆపలేదు అన్నా. సరుకు ఓడలు, ఫెర్రీలు, తెడ్ల పడవలు తిరుగుతుండగానే సీళ్లు వచ్చినాయి. బెక్టన్, క్రాస్‌నెస్‌లో మురుగు శుద్ధి కేంద్రాలను పెంచినారు. నీళ్లలో ఆక్సిజన్ వచ్చింది, దాని వెనక చేప, చేప వెనక సీలు. ముందు హంద్రీలో కలిసే మురుగు చూడండి, బోటు మీద ఎందుకు పడతారు?

పుట్టిమనిషి:
సీలుకూ నీటికుక్కకూ పోలికేంది సామీ? సీలు నీళ్లు తగ్గినప్పుడు బురద మీద పడుకుంటాది, అల వస్తే దిగి పోతాది. నీటికుక్క గట్టు బొరియలో, రాళ్ల సందులో పిల్లల్ని పెడతాది. బోటు అల బొరియలోకి కొట్టిందంటే తల్లి ఆ చోటు వదిలేస్తాది.

రేవుబోటు:
మెల్లగా నడిపితే అల రాదు.

పుట్టిమనిషి:
ఎంత మెల్లగా? సగం వేగమే అన్నిటికన్నా చెడ్డది. ముక్కు పైకి లేస్తాది, వెనక భాగం నీళ్లలోకి కూరుకుంటాది, అప్పుడే పెద్ద అల పుడతాది. బోటు బల్లపరుపుగా ఉండి, వెనక తెల్ల నురగ లేకుండా పోతేనే అది మెల్లగా పోవడం. పైగా పాత రెండు స్ట్రోకుల ఇంజిన్‌కు 10 లీటర్ల పెట్రోలులో 200 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపుతారు. అందులో కాలనిది కొంత పొగ గొట్టం నుంచి నేరుగా నీళ్లలోకే పోతాది. నాలుగు స్ట్రోకుల ఇంజినైతే ఆ బాధ తక్కువ.

రేవుబోటు:
సరే, నాలుగు స్ట్రోకులదే పెడతారు. దానికి అసలు శత్రువు గుర్రపుడెక్క. దాని వేళ్లు ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు లోపలికి పోయే జల్లెడకు అడ్డం పడితే పక్కన చిమ్మే సన్న ధార ఆగిపోతాది. అది చూసుకోకుండా ఇంకాస్త నడిపితే లోపల ఆ నీళ్లను తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) రెక్కలు మాడిపోతాయి. ఆ డెక్క పెరిగేది మురుగులో. నేను చెప్పేది కూడా అదే కదా!

బురుజువీధి:
థేమ్స్‌కు పోటు ఉండాది, రోజుకు రెండుసార్లు కడిగేస్తాది. మనకేముంది?

నీటికొలత:
పోటు కడిగేస్తుందనేది పొరపాటు. పాటుతో కిందికి పోయిన మురుగు పోటుతో మళ్లీ పైకే వస్తుంది. ఎండాకాలం పై నుంచి నీళ్లు తగ్గితే అదే మురుగు వారాల తరబడి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అందుకే అక్కడ వాన నీటితో కలిసి పొంగే మురుగును పట్టడానికి 25 కిలోమీటర్ల సొరంగం తవ్వారు, అది 2025లో పూర్తిగా పనిలోకి వచ్చింది. మన పరిస్థితి వేరు. ఎండల్లో హంద్రీలో పారేది చాలావరకు ఊరి మురుగే, దాన్ని పలచన చేసే నీళ్లు వెనక ఉండవు.

రేవుబోటు:
1974లో థేమ్స్‌లో సాల్మన్ చేప దొరికింది. వెస్ట్ థరక్ విద్యుత్ కేంద్రం నీళ్ల జల్లెడలో. బోట్లు ఉండగానే!

పుట్టిమనిషి:
దొరికింది. నిలిచిందా?

రేవుబోటు:
వచ్చిందా లేదా?

పుట్టిమనిషి:
నిలిచిందా అని అడుగుతున్నా.

నీటికొలత:
నిలవలేదు. ఏళ్ల తరబడి పిల్లలను వదిలినా సాల్మన్ తనంతట తాను నిలదొక్కుకోలేదు. తర్వాత దొరికినవాటిలో ఎక్కువ భాగం వేరే నదుల నుంచి దారి తప్పి వచ్చినవే. అయినా ఒక్క చేప మీద ఇంత పట్టుదల దేనికి? మన నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ముందు చూడండి. చేపలకూ వన్యప్రాణులకూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ‘డి’ తరగతిలో లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, స్వేచ్ఛా అమోనియా 1.2 దాటకూడదు. మధ్యాహ్నం కొలిస్తే నాచు వదిలే ఆక్సిజన్ మోసం చేస్తుంది. తెల్లవారకముందే కొలవాలి.

హంద్రీగట్టు:
కొలిచే పద్ధతి చెప్పక్కా, మీటరు లేకుండా.

నీటికొలత:
నీటి పరీక్షకు వాడే 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను నీళ్ల కిందే, బుడగ రాకుండా నింపాలి. పిపెట్ కొనను నీళ్లలో ముంచి మాంగనీస్ సల్ఫేట్ 2 మిల్లీలీటర్లు, తర్వాత ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మిల్లీలీటర్లు వేయాలి. మూత పెట్టి బోర్లించి తిప్పండి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, పాలలా తెల్లగా దిగితే లేనట్టు. ఆ తెలుపు ఒక్కసారి చూస్తే ఇంకెవరూ వాదించరు. మడ్డి సగానికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు పోస్తే కరిగి పసుపు రంగుకు వస్తుంది. అందులోంచి సుమారు 200 మిల్లీలీటర్లు తీసి 0.025 నార్మల్ థయోసల్ఫేట్ చుక్కలుగా వదలాలి, లేత పసుపు రాగానే స్టార్చ్ వేయాలి, నీలం పోయేదాకా వదలాలి. ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయితే లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్.

పుట్టిమనిషి:
కొలతలు మంచివే. కొలిచినాక ఏం జరుగుతాది? సంరక్షణ ప్రాంతమని బోర్డు పడుతాది, ముందు తరిమేది చేపలు పట్టే మా గుండ్రటి పడవను, పుట్టినే. టికెట్టు బోటుకు మాత్రం పర్మిషన్ దొరుకుతాది. నీటికుక్క వలలోని చేపను లాగితే ఒక్క కన్ను తెగి ఊరుకోదు, పక్కన నాలుగైదు కన్నులు కలిసి చిరుగుతాయి. ఆ వల బాగుచేసుకునే ఖర్చు ఎవరిస్తారో ఒక్కరన్నా అన్నారా?

రేవుబోటు:
అంటే నీ కోపం బోటు మీద కాదు, టికెట్టు మీద!

పుట్టిమనిషి:
అవును, టికెట్టు మీదే. నది మీద బతికేవాడు బయటికి, నది చూడ్డానికొచ్చేవాడు లోపలికి. దానికి నేను ఒప్పుకోను.

హంద్రీగట్టు:
నేను రాసిన ప్రశ్నలో పుట్టి అన్న మాటే లేదు. అది నా తప్పే. అర్జీలో మొదటి మాటగా పుట్టి, వల హక్కు పెడదాం. చిరిగిన వలకు పరిహారం రెండోది. నాటుబాంబులు వేసి చేపలు పట్టేవాళ్ల మీద చర్య మూడోది. పుట్టివాళ్లకూ నీటికుక్కకూ ఇద్దరికీ పగ వాళ్లే.

రేవుబోటు:
మోటారు బోటు సంగతి?

హంద్రీగట్టు:
నీటికుక్కల గుర్తులు దొరికిన చోట వద్దు. గుర్తులంటే రాళ్ల మీద ఒకే చోట కుప్పగా పడిన మలం, అందులో చేప పొలుసులు, ముళ్లు. గుంపంతా అక్కడికే వస్తుంది కాబట్టి కనిపెట్టడం కష్టం కాదు. మిగతా చోట్ల నురగ లేని వేగం.

రేవుబోటు:
ఆ గుర్తులు ఎవరు చూడాలి?

పుట్టిమనిషి:
రోజూ తెల్లారక ముందే నీళ్ల మీద ఉండేది మేము. మేమే చూస్తాం. అక్కా, సీసాలు ఎన్ని కావాలి?

నీటికొలత:
చోటుకు రెండు. సుంకేసుల దిగువ, ఊరికి ఎగువ, హంద్రీ కలిసిన తర్వాత. మొదటి రెండు మందులూ పుట్టిలోనే వేయాలి, గట్టుకు తెచ్చేదాకా ఆగితే లెక్క చెడిపోతుంది. ఆమ్లం సీసా మాత్రం పుట్టిలో పెట్టకండి, గట్టు మీదే ఉంచండి.