అప్‌డేట్: అడ్వాన్సు తీసుకుని ఇంటి పని ఆపేసిన మేస్త్రీ విషయం

తిరుపతిలో మా ఇంటి పైఅంతస్తుకు అడ్వాన్సు తీసుకుని, పిల్లర్ల దగ్గరే పని ఆపేసిన మేస్త్రీపై ఏం చేయవచ్చని ఇదివరకు అడిగాను. చెల్లించింది 5 లక్షల లోపే కనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము ఉండదు, రెండేళ్ల గడువూ మిగిలే ఉంది. అయినా ముందుగా లాయరు నోటీసు పంపి, ఆయన కదలకపోవడంతో న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసి, కేసు వేయకముందే వివాదాన్ని లోక్ అదాలత్ ముందుకు తీసుకెళ్లాను. అక్కడ ఒప్పందపత్రం కన్నా ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్‌లో ఆయన ఒప్పుకున్న మాటలే ఎక్కువ పనికొచ్చాయి. జరిగిన పని విలువ మినహాయించి, మిగతా సొమ్ము వాయిదాల్లో తిరిగివ్వడానికి ఆయన అంగీకరించారు (వడ్డీ వదులుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది). 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మా రాజీపై లోక్ అదాలత్ ఇచ్చిన ఈ అవార్డు (ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దానిపై అప్పీలు లేదు. అందువల్ల వాయిదా తప్పితే కొత్తగా దావా వేయనక్కర లేకుండా నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు. మొదటి వాయిదా అందింది.