బ్రోచర్‌లో 75 హార్స్‌పవర్, చక్రాల దగ్గర 62: ఇది మోసమా, కాదా?

కడప_డీజిల్:
నాది వెనక చక్రాలు లాగే డీజిల్ బండి. కాగితం మీద 75 హార్స్‌పవర్. పోయిన వారం బెంగళూరులో డైనో (చక్రాల దగ్గర పవర్ కొలిచే యంత్రం) రోలర్ల మీద ఎక్కిస్తే 62 వచ్చింది. మిగతా 13 ఎక్కడికి పోయినట్టు? నాకైతే ఇది కొనేవాళ్లను మోసం చేయడమే అనిపిస్తోంది. చక్రాల దగ్గర ఎంత వస్తుందో అదే రాయాలి.

షెడ్డు_అన్న:
మోసం కాదు తమ్ముడూ. ఇంజిన్‌ను బండిలో బిగించకముందే, విడిగా పెట్టి క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ లోంచి తిప్పుడు బయటికొచ్చే ఇరుసు) దగ్గర కొలుస్తారు. అక్కడి నుంచి గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక్కి తిప్పుడు మోసే పొడవాటి కడ్డీ), క్రౌన్ పినియన్ (వెనక ఇరుసు మధ్యలో ఉండే పళ్ల చక్రాల జత), యాక్సిల్ బేరింగులు, చివరికి టైర్లు. ప్రతిచోటా కొంత రాపిడికి పోతుంది. చూడాలంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, పైన బండి ఆపి, క్రౌన్ పినియన్ ఉండే వెనక హౌసింగ్ దగ్గరికి చెయ్యి తీసుకుపో. తాకొద్దు, కాలుతుంది. లోపల గేర్ ఆయిల్ కాగిన వాసన కూడా తగులుతుంది. నీ 13లో కొంత ఆ వేడే. క్రౌన్ పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిప్పుడును అడ్డంగా మళ్లిస్తాయి, అందుకే అక్కడ రాపిడి ఎక్కువ. ఇంజిన్ అడ్డంగా ఉండే ముందు చక్రాలు లాగే కార్లకు ఆ మలుపే లేదు, నష్టమూ తక్కువే.

అనంత_మెకానికల్:
అన్న చెప్పింది నిజం. కానీ నెట్‌లో అందరూ 'కాగితం అంకెలోంచి 15 శాతం తీసెయ్' అంటారే, దాన్ని నేను ఒప్పుకోను. నష్టం వేగాన్ని బట్టి, లోడును బట్టి మారుతుంది. ఆయిల్ ఇంకా చల్లగా ఉన్నా, టైర్లో గాలి తగ్గినా, బండిని రోలర్ల మీద పట్టి ఉంచే బెల్టులు మరీ బిగించినా అంకె పడిపోతుంది. ఇంజిన్ మాత్రం అదే! ఇలా పూటకోరకంగా మారేదాన్ని బ్రోచర్‌లో ఎలా రాస్తారు? క్రాంక్ దగ్గరైనా పద్ధతి మారితే అంకె మారుతుంది. అమెరికాలో ఒకప్పుడు ఆల్టర్నేటర్, సైలెన్సర్ లాంటివి లేకుండా కొలిచేవాళ్లు. 1972 మోడళ్ల నుంచి అవన్నీ పెట్టి కొలిచిన అంకె ఇవ్వడంతో, ఇంజిన్ మారకుండానే చాలా కార్ల హార్స్‌పవర్ తగ్గినట్టు కనిపించింది.

కడప_డీజిల్:
మరి సెకండ్ గేర్‌లో బండి అంత బలంగా లాగుతుంది కదా, పవర్ పెరిగినట్టే కదా?

అనంత_మెకానికల్:
పెరిగేది టార్క్, అంటే తిప్పే బలం. అది ఎంత పెరిగితే చక్రాల వేగం అంత తగ్గుతుంది. పవర్ అంటే ఆ రెండింటి గుణకారం, కాబట్టి గేరు దాన్ని పెంచలేదు. రాపిడి కాస్త తినేస్తుంది, అంతే.

కడప_డీజిల్:
సరే, రెండు చోట్ల కొలిచిన అంకెల్ని పక్కపక్కన పెట్టడం నా తప్పే. కానీ 'క్రాంక్ దగ్గర కొలిచింది' అని బ్రోచర్‌లో ఒక్క ముక్క రాయడానికి ఏం అడ్డం? ఆ మాట మీద మాత్రం నేను తగ్గను.

షెడ్డు_అన్న:
అది న్యాయమే. మళ్లీ కొలిపించేటప్పుడు అదే రోలర్ల మీద, అదే గేర్‌లో కొలిపించు. టైర్లో గాలి ఎంతుందో ముందే రాసి పెట్టుకో.