ఫ్రెంచ్ పిక్నిక్‌కి మన వంతుగా ఏం తీసుకెళ్లాలి?

లియోన్_కొత్త: అందరికీ నమస్తే. మా వారి ఆఫీసువాళ్లు జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ లియోన్‌లోని తెత్ దోర్ పార్కులో పిక్నిక్ అనుకున్నారు. పన్నెండు మందిమి. తలా ఒకటి రెండు తేవాలి, అన్నీ ఇక్కడి సంప్రదాయ వంటలే ఉండాలని వాళ్ల సరదా. సమోసాలు చేసుకెళ్తే సరిపోతుందనుకున్నా, అది కుదరదన్నమాట. ఇంట్లో ఓవెన్ ఉంది కానీ నాకు పెద్దగా అలవాటు లేదు. పైగా మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. ఏం వండాలి, ఏం కొనాలి, ముందు రోజే ఏం చేసి పెట్టుకోవచ్చు? కొంచెం టెన్షన్‌గా ఉంది.

పెనం_పొయ్యి, పారిస్: టెన్షన్ ఎందుకమ్మా. ఇక్కడివాళ్ల పిక్నిక్‌లో సగం కొన్నవే ఉంటాయి. మంచి రొట్టె, రెండు రకాల చీజ్, కార్నిషోఁ అనే చిన్న దోసకాయల ఊరగాయ, పళ్లు. ఎవరూ ఏమీ అనుకోరు. నువ్వు వండాల్సింది ఒక్కటి చాలు, అది కేక్ సాలే. అంటే తీపి లేని ఉప్పు కేకు. ఇక్కడ దాదాపు ప్రతి ఇంట్లో చేస్తారు, చెడిపోవడం కష్టం.

మైదా 180 గ్రాములు, గుడ్లు 3, పాలు 100 మి.లీ., నూనె 100 మి.లీ., బేకింగ్ పౌడర్ ఒక సాషే (ఇక్కడ 11 గ్రాములది దొరుకుతుంది), తురిమిన గ్రుయేర్ చీజ్ 100 గ్రాములు. గింజ తీసిన ఆలివ్‌లు, ఎండబెట్టిన టమాటా ముక్కలు కలిపి రెండు గుప్పెళ్లు. ముక్కల మీద కొంచెం పొడి మైదా చల్లి కలిపితే అడుక్కి దిగిపోవు. పొడవాటి కేకు గిన్నెలో పోసి 180 డిగ్రీల్లో ముప్పావు గంట. మధ్యలో చాకు గుచ్చితే పిండి అంటకూడదు. శనివారం సాయంత్రమే చేసెయ్. వేడిమీద కోస్తే పొడి పొడి అవుతుంది, మర్నాడు కోస్తే ముక్కలు నీట్‌గా వస్తాయి. ఉప్పు మాత్రం చూసి వెయ్యి, ఆలివ్‌లలో, చీజ్‌లో ఎలాగూ ఉంటుంది.

నీస్_తమ్ముడు: అక్కా, కేక్ సాలే బాగుంటుంది కానీ పిక్నిక్ అంటే మా వైపు పాన్ బన్యానే. గుండ్రటి రొట్టెని అడ్డంగా కోసి, లోపలి మెత్తటి భాగం కొంచెం తీసేసి, వెల్లుల్లి రెబ్బతో రుద్ది ఆలివ్ నూనె ధారాళంగా పోయాలి. దాని మీద పండు టమాటా చక్రాలు, ఉప్పు, డబ్బా ట్యూనా, ఆంచోవీ చేప ముక్కలు, ముల్లంగి, ఉల్లికాడలు, తులసిలాంటి బాజిలిక్ ఆకులు, నల్ల ఆలివ్‌లు, ఉడికించిన గుడ్డు చక్రాలు. మూసేసి గట్టిగా చుట్టి, పైన పప్పు డబ్బాలాంటి బరువు పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే టమాటా రసం, నూనె రొట్టెలోకి ఇంకుతాయి. అదే దాని అసలు రుచి. మయొనేజ్ వెయ్యొద్దు, ఉడికించిన బంగాళదుంప అసలే వద్దు. నీస్‌వాళ్లు చూస్తే గొడవే.

లియోన్_కొత్త: రెండూ రాసుకున్నా, థాంక్స్. కానీ రెండిట్లోనూ గుడ్డు ఉంది. అత్తగారికి ఏం పెట్టాలి? రొట్టె, చీజ్ ఇస్తే సరిపోతుందా?

శాకాహారి_గ్రెనోబుల్: చీజ్ దగ్గర జాగ్రత్త అండీ. కామంబేర్ ద నార్మందీ, రోక్‌ఫోర్, కోంతే (Comté) లాంటి పేరున్న చీజ్‌లలో పాలు విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. మీ అత్తగారికి అది పట్టింపైతే ముందే చెప్పాలి. ప్యాకెట్ వెనక "ప్రెజ్యూర్" (అంటే రెన్నెట్) అని మాత్రమే ఉంటే వదిలేయండి. "కొయాగ్యులాఁ మిక్రోబియాఁ" (సూక్ష్మజీవులతో చేసినది) అని ఉంటే తీసుకోవచ్చు. పెరుగు రకాల్లో, మూస్ అనే నురగలాంటి తీపి వంటకాల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో కూడా చూడండి.

ఆవిడ కోసం తబులే చేయండి. పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు. సన్నటి కూస్‌కూస్ రవ్వ 250 గ్రాములు, నాలుగు టమాటాలు గింజలతో సహా సన్నగా తరిగి, కీరా ఒకటి, మూడు నిమ్మకాయల రసం, ఐదారు చెంచాల ఆలివ్ నూనె, పుదీనా, కొత్తిమీరలాంటి పార్స్లీ ఆకు, ఉప్పు. కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే రవ్వ ఆ రసంతోనే నానుతుంది. పులిహోరలా ఊరితేనే దానికి రుచి. పొద్దున్నే ఒకసారి ఫోర్కుతో విడదీసి, బిగుసుకున్నట్టుంటే ఇంకాస్త నిమ్మరసం వేయండి.

నీస్_తమ్ముడు: తబులే లెబనాన్‌ది కదండీ, సంప్రదాయ ఫ్రెంచ్ అంటారా?

శాకాహారి_గ్రెనోబుల్: అక్కడ బుల్గుర్ గోధుమ నూకతో, పార్స్లీ ఎక్కువగా వేసి చేస్తారు. కూస్‌కూస్‌తో చేసేది ఇక్కడి పద్ధతి, ఏ సూపర్‌మార్కెట్‌లో చూసినా డబ్బాలు డబ్బాలు ఉంటాయి. పట్టింపైతే కారట్ రాపే చేయండి. క్యారెట్ తురుము, నిమ్మరసం, నూనె, ఒక చెంచా ఆవాల ముద్ద, అంతే. ఇంకోటి, మీ నీస్ పిస్సలాదియేర్ ఆవిడకి బాగా నచ్చుతుంది. కిలో ఉల్లిపాయల్ని సన్న సెగ మీద దాదాపు గంటసేపు, రంగు మాడకుండా మగ్గించి రొట్టె పిండి మీద పరిచి కాల్చాలి. పైన ఆంచోవీ బదులు ఆలివ్‌లు మాత్రమే. గుడ్డు లేదు, పాలు లేవు, చల్లారినా బాగుంటుంది. ఉల్లి తింటారా లేదా ముందు అడగండి.

పెనం_పొయ్యి, పారిస్: కీష్ లొరేన్ (లొరేన్ ప్రాంతపు ఉప్పు పై) ఎవరూ చెప్పలేదే! ఎవరైనా తెస్తారులే, నువ్వు చెయ్యక్కర్లేదు. తెచ్చిన దాంట్లో చీజ్ ఉంటే లొరేన్‌వాళ్లు ఒప్పుకోరు, పాత పద్ధతిలో గుడ్లు, మీగడ, పంది మాంసం ముక్కలు, అంతే. అత్తగారిని ఆ ప్లేటుకి దూరంగా కూర్చోబెట్టు.

లియోన్_పాతకాపు: నేను అదే ఊళ్లో ఉంటా, నాలుగు మాటలు. రొట్టె ఆదివారం పొద్దున్నే కొనెయ్యండి, చాలా బేకరీలు మధ్యాహ్నానికి మూసేస్తారు, సూపర్‌మార్కెట్లూ అంతే. మామూలు బగెట్ (సన్నటి పొడవాటి రొట్టె) కాకుండా "త్రదిస్యోఁ" అడగండి. 1993 నాటి డిక్రీ ప్రకారం దాంట్లో అడిటివ్స్ కలపకూడదు, పిండిని ఫ్రీజ్ చేయకూడదు. పన్నెండు మందికి ఐదారు చాలు. ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, పైపొర మెత్తబడిపోతుంది, వాళ్లిచ్చిన కాగితంలోనే ఉంచండి.

చీజ్‌కి మన వైపుదే సేఁ మార్సెలాఁ తీసుకెళ్లండి, దాని చిన్న మట్టి గిన్నెతోనే. ఎండకి కారిపోతుంది కదా, గిన్నెలో ఉంటే రొట్టెతో అద్దుకుని తినేయొచ్చు. తినేముందు అరగంట బయట ఉంచితే చాలు, అంతవరకు కూల్ బ్యాగులో ఉండాలి.

ఐస్ ప్యాకులు లేకపోతే ముందు రాత్రి రెండు నీళ్ల బాటిళ్లు ఫ్రీజర్‌లో పెట్టండి, చల్లదనానికీ తాగడానికీ పనికొస్తాయి. గుడ్డు, చేప ఉన్నవి బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, ఎండ ముప్పై డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఇంట్లో పచ్చి గుడ్డుతో కొట్టిన మయొనేజ్ ఎవరు తెచ్చినా పిల్లలకి పెట్టొద్దు.

లియోన్_కొత్త: అయితే నా లిస్టు: కేక్ సాలే, తబులే, రొట్టెలు, చీజ్. పిస్సలాదియేర్ ఓపికుంటే. తీపికి చెర్రీలు కొంటా. మేం వైన్ తాగం, చేతులూపుకుంటూ వెళ్తే బాగుండదేమో?

పెనం_పొయ్యి, పారిస్: గ్రెనడీన్, పుదీనా సిరప్ సీసాలు తీసుకెళ్లు, చల్లటి నీళ్లలో కలుపుకుంటారు, పిల్లలు ఎగబడతారు. దుప్పటి, పదునైన చాకు, చెక్క పలక, ఉప్పు డబ్బా మర్చిపోకు. వైన్ తాగకపోయినా కార్క్ తీసే స్క్రూ ఒకటి సంచిలో పడెయ్యమ్మా, దాన్ని తేవడం ఎప్పుడూ అందరూ మర్చిపోతారు.