సమస్యాపూరణం: ‘కాలు గీతపై నుండ బంగారు పోయె’

నిర్వాహకులు (నల్లగొండ):

పద్యమిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి (నాలుగు పాదాల చిన్న పద్యం) నాలుగవ పాదం; మిగిలిన మూడు పాదాలు మీరు పూరించాలి.

“కాలు గీతపై నుండ బంగారు పోయె”

యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో మైత్రి) ‘కా–గా’లకు చెల్లింది. నిబంధన ఒక్కటే: పూరణ అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ పోటీల తుది ఆటకు సంబంధించినదై ఉండాలి. 2024 ఆగస్టు 11, ఆదివారం నాడు పారిస్ ఒలింపిక్స్‌లో భాగంగా బెర్సీ అరీనాలో అమెరికా, ఫ్రాన్సు మహిళా జట్లు స్వర్ణం కోసం తలపడ్డాయి. ఆట ముగియడానికి నాలుగు సెకన్లు కూడా లేని సమయంలో కాలియా కాపర్ రెండు ఫ్రీ త్రోలు (ఎదుటివారి తప్పిదానికి దక్కే, ఎవరూ అడ్డుకోని విసుర్లు) వేసి అమెరికాను 67–64తో ముందు నిలిపింది. ఫ్రాన్సు క్రీడాకారిణి గాబీ విలియమ్స్ చివరి క్షణంలో బంతిని వలలో వేసింది కాని, ఆమె పాదం మూడు పాయింట్ల గీతను (దాని అవతలి నుండి వేస్తేనే మూడు పాయింట్లు) తాకి ఉన్నందువల్ల అది రెండు పాయింట్లకే లెక్క అయింది. 67–66తో ఫ్రాన్సుకు వెండి మిగిలింది. సమస్య పుట్టింది ఇక్కడే గాని, పూరణ కూడా ఇక్కడే ఉండాలని లేదు.

మిర్యాలగూడ సభ్యులు:

ఆట ముగియు వేళను వేసినట్టి బంతి
చట్రమును దాకి వలలోకి జారలేదు
ఒకటె పాయింటు తేడాన నోటమబ్బె
కాలు గీతపై నుండ బంగారు పోయె.

నిర్వాహకులు:

ఆర్యా, నడక ఒడుదొడుకులు లేకుండా సాగింది. ‘వేసిన + అట్టి’లోని అకారానికి యతి వేయడం బాగున్నది. అయితే రెండు ఆక్షేపణలు ఉన్నాయి. ‘లేదు’ తరువాత ‘ఒకటె’ అని అచ్చుతో పాదం మొదలుపెట్టినందువల్ల విసంధి దోషం వచ్చింది; ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యం కదా. రెండవది దానికంటె పెద్దది. బంతి వలలోకి జారనే లేదంటే కాలు గీత మీద ఉన్నా, గీతకు గజం అవతల ఉన్నా ఫలితం మారదు; సమస్యలో ‘కాలు’ ఎందుకు వచ్చినట్టో మీ పద్యం చెప్పలేకపోతున్నది. బంతి పడింది, పడినా చాలలేదు అన్నచోటనే ఈ సమస్యకు ప్రాణం ఉన్నది. రెండవ పాదాన్ని ‘సరిగ వలలోన నడిమికి జారెగాని’ అని, మూడవ పాదాన్ని ‘యొకటె’ అని సవరిస్తే రెండు దోషాలూ పోతాయి. ‘స–జా’ యతి చెల్లుతుంది.

గద్వాల సభ్యులు:

గోరు తాకిన మాత్రాన కొండ జేసి
తీర్పు చెప్పెడివారలు దీసివేయ
న్యాయ మెచటను గలదంచు నమ్ముటెట్లు?
కాలు గీతపై నుండ బంగారు పోయె!

నిర్వాహకులు:

సార్, సంస్థానాల కాలం నుండి పద్యానికి పేరుపడ్డ ఊరి వారు మీరు; ధార ఆ ఊరికి తగినట్టే ఉన్నది. గోరంతను కొండంత చేయడమనే నానుడిని మొదటి పాదంలో ఒదిగించిన తీరు, ‘గో–కొ’ యతితో సహా, మెచ్చదగినది. కాని ‘దీసివేయ’ అన్న క్రియకు కర్మ లేదు. ఏమి తీసివేశారు? ఒక పాయింటునా, పతకాన్నా? అన్వయం తెగిపోయింది. భావం విషయానికి వస్తే, తీర్పరులు అన్యాయం చేశారన్న ధ్వని ఈ ఆటకు పొసగదు. పాదం గీత మీద ఉన్న సంగతి నెమ్మదిగా తిప్పి చూపిన దృశ్యాలలో అందరూ చూసిందే.

గద్వాల సభ్యులు:

పద్యానికి కర్మ లేదన్న మాటను ఒప్పుకుంటాను. తీర్పు సంగతి మాత్రం ఒప్పుకోను. గీత మీద అడుగు పెడితే గీత లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా? సగం సగం అన్నప్పుడు ఆడినవారికి అనుకూలంగా చెప్పవచ్చు గదా.

దేవరకొండ సభ్యులు (వ్యాయామ ఉపాధ్యాయులు):

గద్వాల అన్నగారికి నమస్కారం. పద్యం రాయలేదు గాని ఈ సందేహానికి జవాబు చెప్పగలను. నిబంధనలో సగం సగం లేదు. ఆ గీత రెండు పాయింట్ల ప్రాంతానికే చెందుతుంది. మూడు పాయింట్లు రావాలంటే బంతి వదిలే ముందు నేలను తాకిన పాదం పూర్తిగా గీతకు అవతల ఉండాలి. చాపం దగ్గర ఈ గీత వెలుపలి అంచు, బుట్ట మధ్యభాగానికి సరిగ్గా కింద నేల మీద ఉండే బిందువు నుండి 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. మా జిల్లా పరిషత్తు పాఠశాల మైదానంలో ఆ బిందువు దగ్గర మేకు కొట్టి, 6.75 మీటర్ల తాడు కట్టి, తాడు చివరను పట్టుకొని ఒకరు గుండ్రంగా నడుస్తుంటే ఇంకొకరు వెనుకనే సున్నం చల్లుకుంటూ వస్తారు. మొదటి పది నిమిషాల ఆటలోనే ఆ సున్నం పిల్లల కాళ్ళకు అంటుకొని గీత జానెడు వెడల్పు అవుతుంది. ఆ తరువాత రెండా, మూడా అన్న తగాదా తెగదు. పారిస్‌లో చెక్కనేల మీద గీత చెదరలేదు, అందువల్ల తగాదాకు తావు లేకపోయింది.

నిర్వాహకులు:

ఈ సమాధానం ఒక పూరణకు సాటి వస్తుంది. అచ్చంపేట నుండి ఒక మిత్రులు సీతమ్మ లక్ష్మణరేఖను దాటిన కథతో పూరించి పంపారు. పద్యం నిబంధనకు లోబడనందున ఇక్కడ ఇవ్వడం లేదు. పైగా అక్కడ కాలు గీతపై లేదు, గీత దాటింది. వాల్మీకంలో ఆ గీతే లేదు.

నల్లగొండ సభ్యురాలు:

మూడు వలయును సరిసేయ; ముదిత వేసె;
గంట మోగగ వలలోన గలదు బంతి;
రెండుగ గణించి రొక్కటి రిత్తవోయె;
కాలు గీతపై నుండ బంగారు పోయె.

నిర్వాహకులు:

అమ్మా, ఇది పూరణ అంటే. పొట్టి వాక్యాలు ఒకదాని వెనుక ఒకటి రావడం వల్ల ఆట చివరి క్షణాల వేగం పద్యానికి వచ్చింది. మూడు, రెండు, ఒకటి అని అంకెలు దిగివస్తూ నాలుగవ పాదంలో ఏమీ మిగలకపోవడం మీరు తలపెట్టి చేసినదే అనుకుంటున్నాను. ‘రిత్తవోయె’ అన్న క్రియ నాకు మరీ నచ్చింది. ఏకైక ఆక్షేపణ: గీత ఏమిటో తెలియని పాఠకుడికి మూడవ పాదానికీ నాలుగవ పాదానికీ నడుమ ఉన్న కారణం అందకపోవచ్చు. కాని సమస్యాపూరణంలో అంతమాత్రం దాపరికం ఉండవచ్చునని నా అభిప్రాయం.

వనపర్తి సభ్యులు:

చీన యొక్కటే మొదటను జేరియుండు
ఫ్రాన్సు గెలిచిన నా యాట, పడతి యొకతె
వేలిమొన చాలె నా మెట్టు విరిగిపోవ;
కాలు గీతపై నుండ బంగారు పోయె.

వివరణ: పారిస్ క్రీడల చిట్టచివరి పతకం ఈ ఆటదే. దీనితో అమెరికా స్వర్ణాలు నలభై అయి చైనాతో సమానమయ్యాయి. ఫ్రాన్సు గెలిచి ఉంటే స్వర్ణాల లెక్కలో చైనా ఒక్కటే అగ్రస్థానంలో ఉండేది.

నిర్వాహకులు:

ఆర్యా, ఎవరూ చూడని దిక్కు నుండి సమస్యను చూశారు. ఇంకొకరి కాలు, ఇంకొకరి మైదానం, నష్టం మాత్రం మూడవవారికి! ఊహకు జోహార్లు. అయితే చైనాకు పోయింది ఏకాకి అగ్రస్థానమే తప్ప బంగారు కాదు. దాని నలభై స్వర్ణాలు దానికి ఉండనే ఉన్నాయి. నాలుగవ పాదం మీ మూడు పాదాలకు అతకలేదు.

నల్లగొండ సభ్యురాలు:

వనపర్తి అన్నగారి పద్యం మీద, నిజానికి సమస్య మీదనే, నాది ఒక మనవి. విలియమ్స్ పాదం గీతకు అవతల ఉన్నా ఫ్రాన్సు గెలిచేది కాదు. 67–67 అయి ఐదు నిమిషాల అదనపు ఆట వచ్చేది. పోయింది బంగారు కాదు, బంగారు కోసం ఇంకొక అవకాశం. నేను ‘సరిసేయ’ అన్న మాటను ఏరుకున్నది అందుకే. అసలు ఓటమిని వెతకాలంటే ఆటలోని మూడవ భాగానికే వెళ్ళాలి. సగం ఆట ముగిసేసరికి 25–25గా ఉన్న లెక్కను ఫ్రాన్సు మూడవ క్వార్టర్ మొదట్లోనే 35–25 చేసుకున్నది. ఆ పది పాయింట్ల ఆధిక్యాన్ని నిలుపుకోలేకపోయింది. అమెరికా క్రీడాకారిణి ఆజా విల్సన్ 21 పాయింట్లు వేసి 13 రీబౌండ్లు (గురి తప్పి తిరిగివచ్చిన బంతులు) పట్టిన రోజున బూటు మొనను నిందించడం పాపం కాదా?

నిర్వాహకులు:

అమ్మా, తర్కం మీదే నెగ్గింది. సమస్య ఇచ్చినవాడు అసంగతాన్ని ఇస్తాడు, పూరించేవారు దానిని సంగతం చేస్తారు. మీరు పద్యంతో ఒకసారి, వచనంతో ఇంకొకసారి ఆ పని చేశారు.

నాగర్‌కర్నూలు సభ్యులు:

మూడు సెకనులు మిగిలెను మ్యూనికందు
నెదిరి యాటకా డంచున నెగురవేసె
నమెరికన్లకు నేటికి నదియె చింత
కాలు గీతపై నుండ బంగారు పోయె.

నిర్వాహకులు:

సార్, ఆలస్యంగా వచ్చినా అదరగొట్టారు. చదువరుల కోసం కొంత వివరిస్తాను. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ పురుషుల తుది ఆట అది. అంతవరకు ఒలింపిక్ బాస్కెట్‌బాల్‌లో 63 ఆటలు ఆడి ఒక్కటీ ఓడని అమెరికా, డగ్ కాలిన్స్ వేసిన రెండు ఫ్రీ త్రోలతో 50–49గా ముందుకు వచ్చింది. అప్పటికి మిగిలినవి మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లను మూడుసార్లు ఆడించారు. గడియారాన్ని వెనుకకు తిప్పి మళ్ళీ మూడు సెకన్లు ఇవ్వాలని పట్టుబట్టినవారు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ప్రధాన కార్యదర్శి విలియమ్ జోన్స్. మూడవసారి సోవియట్ ఆటగాడు ఇవాన్ ఎదెష్కో తన వైపు అంచు గీత దగ్గర నుండి మైదానం పొడవునా విసిరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ అందుకొని బుట్టలో వేశాడు. సోవియట్ జట్టు 51–50తో గెలిచింది. అమెరికా అప్పీలును విచారించిన సంఘం 3–2తో తోసిపుచ్చింది. అమెరికా క్రీడాకారులు వెండి పతకాలను తీసుకోనే లేదు. బంతి విసిరేటప్పుడు ఎదెష్కో పాదం నిబంధనకు విరుద్ధంగా ఆ అంచు గీతను తాకిందన్నది అమెరికా పక్షం ఆరోపణలలో ఒకటి.

సమస్యలో కాలు ఎవరిదో చెప్పలేదు, బంగారు ఎవరిదో చెప్పలేదు. కాలు ఒకరిది, పోయిన బంగారు వేరొకరిది అని పట్టుకున్నది మీరు. పైగా నాలుగవ పాదాన్ని అమెరికన్ల నోట పెట్టినందువల్ల అది ఆరోపణగానే ఉండిపోయింది, కవి తీర్పు కాలేదు. గద్వాల సార్ న్యాయాన్ని గురించి అడిగిన ప్రశ్నకు తగిన చోటు కూడా ఈ ఆటే. లోపం ఒకటి ఉన్నది: ఏమి ఎగురవేశాడో పద్యంలో లేదు. ‘నెదిరి యంచున బంతిని నెగురవేసె’ అంటే గణాలు, యతి చెదరకుండా బంతి కూడా వస్తుంది. ‘ఎదిరి’ ఒక్కటే ప్రత్యర్థిని చెప్పగలదు కనుక ‘ఆటకాడు’ అక్కరలేదు.

గద్వాల సభ్యులు:

ఈ పద్యం ముందే వచ్చి ఉంటే నేను పారిస్ జోలికి పోయేవాడిని కాను. నా కోపాన్ని మ్యూనిక్‌కు బదిలీ చేస్తున్నాను. కర్మతో సహా కొత్త పద్యం రేపు పంపుతాను.

నిర్వాహకులు:

తప్పకుండా పంపండి సార్. ఈ వారం పూరణలలో నల్లగొండ సోదరి పద్యాన్ని, నాగర్‌కర్నూలు మిత్రుల పద్యాన్ని సమానంగా ఎంపిక చేస్తున్నాను. అదనపు ఐదు నిమిషాలు ఆడించే ఓపిక నాకు లేదు. వచ్చే వారం సమస్య కూడా తేటగీతి పాదమే:

“ఆడకుండిన వానికే యగ్రపీఠి”

2006లో జపాన్‌లోని సైతామాలో జరిగిన ప్రపంచ పోటీ తుది ఆటలో స్పెయిన్ 70–47తో గ్రీసును ఓడించింది. గాయం వల్ల ఆ ఆటలో దిగని స్పెయిన్ ఆటగాడు పౌ గసోల్‌నే ఆ పోటీ మొత్తానికి మేటి ఆటగాడుగా ఎంపిక చేశారు. పూరణలు శనివారం సాయంత్రంలోగా పంపండి. విసంధి మీద ఈసారి కూడా కనికరం ఉండదు.